‘సరిగ్గానే ఉంది’ అంటే సరిపోతుందా?

‘ఇంగ్లీషు సాహిత్యం చదివిన అమ్మాయికి కంప్యూటర్లతో ఏం పనమ్మా?’ అని మన ఇళ్లల్లో ఇట్టే అనేస్తారు. డిగ్రీలో ఏ గ్రూపు తీసుకుంటే బతుకంతా ఆ గట్టునే ఉండాలని మనకో నమ్మకం. పమేలా జేవ్ గారి సంగతి తెలిస్తే ఆ మాట అనడానికి కాస్త తటపటాయిస్తారు.

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఆవిడ చదివిన డిగ్రీ ఇంగ్లీషులోనే. తర్వాత విస్కాన్సిన్‌లో కంప్యూటర్ సైన్స్‌లో పిహెచ్.డి. చేసి, 1981లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. టెలిఫోన్ సాఫ్ట్‌వేర్ ఆవిడ రంగం. వచ్చిన కాల్‌ని ఇంకో నంబరుకి మళ్లించడం ఒక సదుపాయం. అక్కర్లేని మనిషి కాల్ రాకుండా ఆపడం ఇంకోటి. దేనికది బాగానే ఉంటుంది. ఆపేసిన మనిషి కాల్ మళ్లింపు దారిన వచ్చేస్తేనో? ఒకే పులుసులో తోడికోడళ్లిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఉప్పు వేసినట్టే!

ఇలాంటి చిక్కుల్ని ముందే పట్టుకోవడం ఎలా? జాకెట్టు గుడ్డ మీద కత్తెర పెట్టేముందు పాత పేపరు కత్తిరించి చూసుకుంటాం కదా, అదే పద్ధతి. ప్రోగ్రాం రాయకముందే దాని నియమాల్ని గణిత భాషలో రాస్తారు. దాన్నే మోడల్ అంటారు. ‘అల్లాయ్’ అనే సాధనం చిన్న సంఖ్యల్లో సాధ్యమైన సందర్భాలన్నీ వెతికి, ఎక్కడ కుట్టు విడిపోతుందో చూపిస్తుంది.

ఇప్పుడు అసలు కథ. 2001లో ‘కార్డ్’ అనే పద్ధతి వచ్చింది. పెద్ద యంత్రమంటూ ఏదీ పెత్తనం చెయ్యకుండా, ఎన్నో కంప్యూటర్లు వలయంగా ఏర్పడి సమాచారాన్ని వెతికి పెట్టుకునే ఏర్పాటు అది. బతుకమ్మ ఆట ఊహించుకోండి. ఎవరికి వారికి తన ముందున్న మనిషి తెలిస్తే చాలు, వలయం సాగుతుంది. పిల్లాడు ఏడుస్తున్నాడని ఒకావిడ వెళ్తే వెనకావిడ ముందుకు జరుగుతుంది. కొత్తావిడ వస్తే చోటిస్తారు. ఈ పద్ధతి సరైనదని రుజువు చెయ్యవచ్చని దాన్ని కనిపెట్టినవాళ్లే రాశారు. పదేళ్లు అందరూ మెచ్చుకున్నారు. 2011లో కాలపరీక్షకు నిలిచిన పరిశోధనగా అవార్డూ వచ్చింది.

జేవ్ మాత్రం ఆ నియమాల్ని మోడల్‌గా రాసి చూశారు. ఎప్పటికీ నిజమేనని చెప్పిన ఏడు లక్షణాల్లో ఒక్కటీ నిలవలేదు! మనుషులు తక్కువున్నప్పుడు కొందరు వెళ్లి కొందరు చేరితే వలయం తెగిపోవచ్చు, మళ్లీ అతుక్కోకపోవచ్చు. అచ్చయిన ఏ రూపమూ పూర్తిగా సరైనది కాదని 2012లో ఆవిడ ప్రకటించారు.

అంత పేరున్న పనిని ఒంటరిగా తప్పనడం తేలికా? పైగా తప్పు పట్టి ఊరుకోలేదు. వలయం ఒక్కరితో కాక, కనీసం ఇంతమందితో మొదలవ్వాలని తేల్చి, నియమాల్ని సవరించి, సరైన రూపాన్ని రుజువుతో సహా 2017లో అచ్చు వేయించారు.

ఆవిడ పని చదివిన అమెజాన్ ఇంజనీరొకరు తమ సంస్థలోనూ ఇలాంటి పద్ధతులకు దారి వేశారు. లక్షలమంది నమ్ముకున్న యంత్రాల్లో దాగిన తప్పులు అలా బయటపడ్డాయి.

‘అందరూ బాగుందంటుంటే నీకెందుకే సందేహం?’ అని మనల్ని ఎన్నిసార్లు నోరు మూయించారో! ఈసారి మీ అమ్మాయి అలాంటి సందేహంతో వస్తే విసుక్కోకండి. ఒక కాగితం, పెన్సిలూ ఇచ్చి ‘ఏదీ, వేసి చూపించు’ అనండి.