గాజు పళ్లెంలో పండే అండం

ఆవు పుట్టేనాటికే దాని అండాశయాల్లో లక్షకు పైగా అండాలుంటాయి. అన్నీ విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగినవే. ఎదకొచ్చినప్పుడల్లా మామూలుగా ఒక్కటే పక్వమై విడుదలవుతుంది. మిగిలినవాటిలో దాదాపు అన్నీ వాడకుండానే నశించిపోతాయి.

1935లో హార్వర్డ్‌కు చెందిన గ్రెగరీ పింకస్, ఎంజ్‌మన్ కుందేలు అండాలను వాటిని చుట్టి ఉండే పుటికలనే చిన్న సంచుల్లోంచి బయటికి తీసి చూశారు. ఏ హార్మోనూ ఇవ్వకుండానే అవి ఆగిపోయిన విభజనను మళ్లీ మొదలుపెట్టాయి. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే. అండానికి కదిలే శక్తి ముందే ఉంది, దాన్ని పట్టి ఆపుతున్నది పుటిక. చుట్టూ ఉన్న కణాలు పంపే సంకేతాల వల్ల అండంలో సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం మోతాదు తగ్గకుండా ఉంటుంది. పుటికలోంచి తీయగానే అది తగ్గి, అడ్డు తొలగిపోతుంది.

అండం బయట పూర్తిగా పండడానికి ఎంతసేపు ఆగాలన్నది ఆ తర్వాతి సమస్య. కేంబ్రిడ్జ్‌లో రాబర్ట్ ఎడ్వర్డ్స్ ఆవు, గొర్రె, పంది, మనిషి అండాలను ఓపిగ్గా గమనించి, 1965లో ఫలితాలు ప్రకటించాడు. ఒక్కో జాతికి ఒక్కో గడువు ఉంది. ఆవు అండానికి సుమారు 24 గంటలు చాలు, పంది అండానికి 40 దాటాలి.

కేంద్రకం పక్వమైతే పని అయిపోయినట్టు కాదు. ముదరకుండా కోసిన మామిడికాయ మగ్గబెడితే రంగు తిరుగుతుంది గానీ రుచి రాదు. అండం కథా అంతే. పిండాన్ని తొలి రోజుల్లో పోషించాల్సిన సరుకంతా దాని కణద్రవ్యంలో చేరి ఉండాలి. అందుకే కబేళా నుంచి వెచ్చని సెలైన్‌లో తెచ్చిన అండాశయాల్లో 2 నుంచి 8 మిల్లీమీటర్ల పుటికలను ఎంచి సూదితో ద్రవం లాగుతారు. చుట్టుకణాలు దట్టంగా అంటుకున్న అండాలనే ఏరి, హార్మోన్లు కలిపిన పోషక ద్రవంలో 38.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఇంత చేసినా, ఫలదీకరణ తర్వాత బదిలీకి పనికొచ్చే పిండాలుగా ఎదిగేవి మూడింట ఒక వంతు ఉంటే మంచి ఫలితమే.

ఆవుల్లో సాధ్యమైనది గేదెకూ అందింది. 1990లో కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో ఇలా పండించిన అండం నుంచి 'ప్రథమ్' అనే గేదె దూడ పుట్టింది. దాదాపు అదే కాలంలో నెదర్లాండ్స్ పరిశోధకులు స్కానింగ్ సాయంతో బతికున్న ఆవు నుంచే అండాలు తీసే పద్ధతి తెచ్చారు. దాంతో మేలుజాతి ఆవు నుంచి మళ్లీ మళ్లీ అండాలు తీసుకునే వీలు కలిగింది.

ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పొలాలకు చేర్చిన దేశం బ్రెజిల్. అక్కడి నెలోర్ ఆవులు మన ఒంగోలు జాతి సంతతే. వాటి నుంచి ఒక్క విడతలో 20 దాకా అండాలు దొరకడం మామూలు, హోల్‌స్టీన్ జాతి ఆవుల్లో సాధారణంగా అంతకంటే చాలా తక్కువే. గేదెలో ఇంకా తక్కువ. మన పాడికి గేదె ఒక పెద్ద ఆధారం కాబట్టి, దొరికే ఆ కొద్ది అండాలనూ వృథా కాకుండా పండించే పోషక ద్రవం మీద మన ప్రయోగశాలలు ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలని గట్టిగా కోరుకుంటాను.