లంకలో తెలుగు నాగస్వరం

భారతదేశ పటానికి దిగువన నీటిబొట్టువలె కనిపించే సింహళద్వీపం మన విద్యార్థులకు క్రొత్తది కాదు. రామాయణ కథవల్ల దాని పేరు, భూగోళ పాఠంవల్ల దాని ఆకారం అందరికీ పరిచితములే. కాని 65,610 చదరపు కిలోమీటర్ల ఆ దేశంలో, తెలుగే తల్లిభాషగా గల ఒక సంచారజాతి తరతరాలుగా జీవిస్తున్నదని ఎరిగినవారు కొద్దిమంది.

సింహళీయులు వారిని అహికుంటికులంటారు. పాములవాడని అర్థమిచ్చే ‘అహితుండిక’ అనే సంస్కృత శబ్దానికి ఇది చుట్టము. తమిళులు వారిని కురవరులంటారు. పురుషులు నాగుపాములను, కోతులను ఆడించేవారు. స్త్రీలు చేతిరేఖలు చూచి జోస్యం చెప్పేవారు. తాటాకు గుడిసెలను విప్పి, గాడిదలమీద సామాను వేసికొని, వేటకుక్కలు వెంట రాగా ఊరినుండి ఊరికి సాగిపోవడమే వారి బ్రతుకు.

వారి జీవనాధారమైన ఆ జంతువుల చరిత్ర కూడ వింతైనదే. మంచుయుగాలలో సముద్రమట్టం తగ్గినప్పుడు లంక భారతభూమితో కలిసి ఉండేది. నీరు మరల పెరిగి దారి మూసివేసిన పిదప, ఆవల మిగిలిన ప్రాణులలో కొన్ని తమ త్రోవను తాము మారినవి. దక్షిణ భారతంలోని టోపీకోతికి దగ్గరి బంధువైన ‘రిలవా’ అనే కోతి నేడు లంకలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనబడదు. పెద్దపులి లేని ఆ అడవులలో చిరుతయే మృగరాజు. నాగుపాము మాత్రం రెండు గట్లకూ ఉమ్మడి సొత్తు. బుద్ధునికి పడగపట్టిన ముచలిందుని కథ విన్న బౌద్ధులు దానిని చంపడానికి వెనుదీస్తారు. అందుచేత పాములవానికి పల్లెలలో ఆదరం లభించేది. పాముకు వెలిచెవులు లేవు. ఊదేవాని చేతిలో కదలాడే బుర్రను చూచి అది పడగ ఊపుతుంది. చూచేవారు మాత్రం పాటకు పరవశించినదని భ్రమిస్తారు.

ఈ లంకలోనే తెలుగువారు సింహాసనమూ ఎక్కినారు. తెలుగు మూలంగల నాయక వంశీయులు 1739 నుండి 1815 వరకు కండి రాజ్యాన్ని ఏలినారు. కడపటి ప్రభువు శ్రీ విక్రమ రాజసింహుని ఆంగ్లేయులు పదవీచ్యుతుని చేసి వేలూరు కోటకు పంపినారు. 1832లో ఆయన అక్కడనే కన్నుమూసినాడు. రాజులు పోయినారు, వారితో పాటు కొలువులోని తెలుగూ పోయినది. గుడిసెలోని తెలుగు మాత్రం బ్రతికియున్నది. దానికి కావలి కాసినది శాసనమూ కాదు, గ్రంథమూ కాదు. రాత్రివేళ పొయ్యి చుట్టూ చేరి తల్లీ బిడ్డా మాటలాడుకొనే అలవాటు.

ఇప్పుడు ఆ అలవాటుకే కష్టం వచ్చినది. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ సమీపాన కుడాగమలోను, అంపారా జిల్లాలో అలిగంబేలోను అహికుంటికులు స్థిరపడినారు. ఇల్లు, పొలం, బడి సమకూరడం మేలే. వాటిని కాదనవలసిన పని లేదు. కాని బడిలో ఒకచోట సింహళము, మరొకచోట తమిళము బోధనాభాషలు. తెలుగు అక్షరం నేర్పే వ్యవస్థ లేదు. నాటి నీటి అడ్డు కోతి రూపాన్ని మార్చినట్లే, నేటి బడి గోడ ఒకే జాతి బిడ్డలను రెండు భాషలవారుగా విడదీస్తున్నది. పాములాట తగ్గినకొద్దీ ఆ వృత్తిలోని తెలుగు మాటలూ తగ్గుతున్నవి. పాము పేరు మరచినా కొంపమునగదు. అమ్మమ్మ చెప్పేది మనుమడికి తెలియకపోవడమే అసలు నష్టం.

ఇది కేవలం సముద్రానికి ఆవలి కథ కాదు. హైదరాబాదు చెంత ముత్తంగి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి బీహారు, ఒడిశాల నుండి కార్మిక కుటుంబాలు వచ్చి చేరినవి. అచ్చట తెలుగు బడిలో కూర్చున్న భోజ్‌పురీ బిడ్డకూ, కుడాగమ సింహళ బడిలో కూర్చున్న తెలుగు బిడ్డకూ భేదమేమున్నది? ఒకచోట మన భాష అతిథి, మరొకచోట గృహయజమాని.

గృహయజమానికి ఒక ధర్మం ఉన్నది. ప్రకృతిశాస్త్ర పాఠంలో నాగుపాము బొమ్మ చూపి పేరు నేర్పిన ఉపాధ్యాయుడు, ఆ పరదేశపు బిడ్డవైపు తిరిగి, “మీ ఇంట దీనిని ఏమంటారు, నాయనా?” అని అడిగితే చాలు. ఆ మాటను నల్లబల్లమీద తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును. లంకలోని మన పిల్లలను కూడ ఏ పంతులైనా అట్లే అడుగవలెనని కోరడానికి అప్పుడు మనకు అర్హత కలుగుతుంది.