ఎండ పెరిగితే కరెంటూ పెరుగుతుందా?

మే నెలలో ముండ్లమూరులో మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెట్టలేం. ఇంత ఎండకి సోలార్ ప్యానెల్ కుమ్మేస్తుందనుకుంటారు చాలామంది. అదేం కాదు. దానికి కావాల్సింది వెలుగు, వేడి కాదు. వెలుగు తగిలితే సిలికాన్ సెల్‌లో ఎలక్ట్రాన్లు కదిలి డీసీ కరెంటు పుడుతుంది. ఇన్వర్టర్ దాన్ని మన ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు నడిచే ఏసీగా మారుస్తుంది. సెల్ వేడి 25 డిగ్రీలు దాటాక మాత్రం డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి తగ్గుతుంది. 65కి చేరితే దాదాపు ఏడో వంతు పోయినట్టే! అందుకే ప్యానెల్‌ని కప్పుకి ఆనించి బిగించకూడదు, కింద గాలి ఆడాలి.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లకి ఇలాంటి సంగతులే అన్నం పెడతాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి రూ.78 వేల సబ్సిడీ ఉంది కాబట్టి ఊళ్లలోనూ అడిగేవాళ్లుంటారు. ‘కరెంటు పోయినా మా ఇంట్లో లైట్లు వెలుగుతాయా?’ అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ అయితే వెలగవు. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఈ మాట వాళ్లు డబ్బు కట్టకముందే చెప్పండి.