మరచిపోని కాపలాదారు

ప్రగతినగర్‌లో నివసించే ఇంజనీర్లు అనేకులు ప్రతిదినం హైటెక్ సిటీ కార్యాలయాలకు వెళ్ళి వెబ్‌సైట్లను నిర్మిస్తుంటారు. ఒకే వెబ్‌సైటుకు పదిమంది కోడ్ రాస్తారు. ఒకరు మార్చిన ఒక్క పంక్తి మరొకరి పనిని చెడగొట్టవచ్చు.

సన్ మైక్రోసిస్టమ్స్ ఉద్యోగి కోసుకె కవాగుచికి ఈ చిక్కు స్వానుభవమే. తన కోడ్ వల్ల పని ఆగినప్పుడల్లా ఆయన సహచరుల కోపానికి గురయ్యేవాడు. అందుచేత 2004లో 'హడ్సన్' అనే సాధనాన్ని రూపొందించాడు. ఒరాకిల్‌తో వివాదం రాగా, 2011లో ఆయన బృందం దానినే 'జెంకిన్స్' పేరుతో కొనసాగించింది.

జెంకిన్స్‌ను ఒక సర్వరులో నెలకొల్పి, చేయవలసిన పనులను 'జెంకిన్స్‌ఫైల్'లో వరుసగా రాసి ఉంచుతారు. కొత్త కోడ్ చేరగానే అది పరీక్షలన్నింటినీ నడుపుతుంది. ఒక్కటి తప్పినా అక్కడే ఆగి, రాసినవారికి తెలుపుతుంది. అన్నీ నెగ్గితేనే సర్వర్లన్నింటికీ ఆ కోడ్‌ను చేరవేస్తుంది.

'అన్నింటికీ' అన్నది ఇక్కడ చిన్న మాట కాదు. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ సంస్థలో 2012లో 8 సర్వర్లకు కొత్త కోడ్‌ను చేతితో ఎక్కిస్తూ ఒకదానిని మరచారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే అందులోని పాత కోడ్ అదుపు లేకుండా షేర్లను కొని అమ్మింది. 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లింది. ఆ ఎక్కింపును సరిచూడడానికి రెండవ మనిషిని నియమించలేదు.