పట్టు – విడుపు

శునకం పేరు వినగానే మనకు స్ఫురించే గుణం విశ్వాసం. మహాప్రస్థాన సమయంలో ద్రౌపదీదేవి, తమ్ములు ఒక్కొక్కరే ఒరిగిపోయినా, ధర్మరాజును విడువక వెంట నడిచినది ఒక శునకమే. అయితే మందను కాయడానికీ, దొంగను నిలువరించడానికీ విశ్వాసమొక్కటే చాలదు. విధేయత, ధైర్యం కూడా కావాలి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. ధైర్యం గల జంతువు మాట వినకపోవచ్చు. మాట వినేది పిరికిది కావచ్చు. ఈ రెండు గుణాలనూ ఒకే శునకంలో పరిశీలించడానికి జర్మనీలో ఏర్పడిన పరీక్షే 'షుట్‌జ్‌హుండ్'. ఈ మాటకు రక్షక శునకమని అర్థం.

1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అశ్వికదళాధికారి మిత్రులతో కలిసి జర్మన్ షెపర్డ్ శునకాల సంఘాన్ని స్థాపించాడు. అందం కంటె పనితనమే ఆ జాతికి ప్రాణమని అతని విశ్వాసం. పరిశ్రమలు పెరిగి గొర్రెల మందలు తగ్గిపోతున్న కాలమది. పని లేని జాతి క్రమంగా గుణం కోల్పోతుంది. అందుచేత అతడు ఆ శునకాలను పోలీసు, సైనిక సేవలకు అలవరచడానికి కృషి చేశాడు. ఏ శునకాల సంతతిని పెంచాలో నిర్ణయించడానికి పరీక్ష అవసరమైంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో రూపుదిద్దుకొన్న ఆ పరీక్ష అనంతర కాలంలో క్రీడగా వ్యాపించింది. 2019 నుండి అంతర్జాతీయ శునక సమాఖ్య దీనిని 'ఐ.జి.పి.' అనే పేరుతో నిర్వహిస్తున్నది.

ఈ పరీక్షలో మూడు అంగాలున్నాయి. ఒక్కొక్క దానికి 100 మార్కులు. ప్రతి అంగంలోనూ కనీసం 70 రావాలి.

మొదటిది జాడ తీయడం. ఒక మనిషి పొలంలో నడిచి వెళ్లిన దారిని శునకం వాసనతోనే అనుసరించాలి. దారిలో అతడు విడిచిన వస్తువుల వద్ద ఆగి యజమానికి తెలియజేయాలి.

రెండవది విధేయత. గొలుసు లేకుండా యజమాని ప్రక్కనే నడవాలి. తుపాకి పేలినా బెదరకూడదు. అడ్డుగోడ దూకి వస్తువును నోట కరచి తేవాలి. మరొక శునకం మైదానంలో పరుగులు తీస్తున్నా, తాను పడుకొన్న చోటు విడువరాదు.

మూడవది రక్షణ. మైదానంలో ఆరు మాటులుంటాయి. వాటిలో ఒక దాని వెనుక, చేతికి దట్టమైన తొడుగు ధరించిన సహాయకుడు దాగి ఉంటాడు. శునకం వెదకి అతనిని కనుగొనాలి. అతడు కదలక నిలిచినంత సేపు మొరగాలే కాని కరవరాదు. పారిపోబోతే తొడుగును గట్టిగా పట్టుకోవాలి. అతడు కర్ర ఝళిపించి బెదిరించినా పట్టు సడలరాదు. న్యాయనిర్ణేత దృష్టి ఆ పట్టు మీదనే ఉంటుంది. నోటినిండా, నిశ్చలంగా పట్టినది ధైర్యానికి గుర్తు. ముందరి పళ్లతో కరచి మాటిమాటికి పట్టు మార్చడం ఆందోళనకు గుర్తు. భయంతో కరచే శునకం చూపరులకు వీరుని వలె కనిపించవచ్చు. వాస్తవానికి అదే మనుషులకు ప్రమాదకరం.

అసలైన పరీక్ష ఆ తరువాతనే ఉన్నది. సహాయకుడు పోరు ఆపి నిలువగానే, యజమాని ఒక్క మాటతో 'విడువు' అంటాడు. రక్తం ఉడుకెత్తిన ఆ క్షణంలో శునకం వెంటనే వదలి, అతనిని కనిపెట్టి ఉండాలి. మరి రెండుసార్లు ఆజ్ఞాపించినా విడువకపోతే, అంతవరకు ఎంత గొప్పగా రాణించినా అనర్హమవుతుంది.

ఇది శునకాలకు కరవడం నేర్పే క్రీడ అని కొందరు విమర్శిస్తారు. కాని ఇందులో పాల్గొనడానికి ముందే ప్రతి శునకమూ మరొక ప్రాథమిక పరీక్షలో ఉత్తీర్ణం కావాలి. వీధిలో పాదచారులు, సైకిళ్లు, వాహనాల నడుమ అది శాంతంగా మెలగుతుందో లేదో అక్కడ చూస్తారు. అంతేకాదు, ఆజ్ఞకు లొంగని శునకం వెనుక తరచుగా ఓర్పు చాలని శిక్షకుడుంటాడు. కాబట్టి ఇది మనిషికి కూడా పరీక్షయే.

పట్టుకోవడానికి బలం చాలు. గెలుపు చేతికందిన వేళ విడిచిపెట్టడానికి నిగ్రహం కావాలి. పట్టు ఎరిగి, విడుపు ఎరగని శౌర్యం రక్షణ కాదు, మరొక ఆపద.