వ్యాక్యూమ్ అడ్వాన్స్ పీకేయాలా, ఉంచాలా?

"రేస్ కార్లకి వ్యాక్యూమ్ అడ్వాన్స్ ఉండదు కదా" అనుకుని నా పాత షెవీ 350 వీ8కి నేనూ ఆ పైపు పీకేశా. ఫుల్ థ్రాటిల్‌లో తేడా తెలియలేదు. కానీ ఇక్కడ టెక్సాస్ ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి, మైలేజీ కిందికి!

ఎందుకంటే, యాక్సిలరేటర్ కొంచెమే నొక్కినప్పుడు సిలిండర్‌లోకి వెళ్లే పెట్రోలు, గాలి తక్కువ. అది మెల్లగా మండుతుంది. అందుకే స్పార్క్ ఇంకాస్త ముందే పడాలి. డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే చిన్న డబ్బా, అదే క్యానిస్టర్, చేసే పని ఇది. ఫుల్ థ్రాటిల్‌లో వ్యాక్యూమ్ దాదాపు సున్నా, కాబట్టి దానంతటదే తప్పుకుంటుంది. పవర్ ఏం పోదు.

మరి ఏది కొనాలి? ముందు ఐడిల్‌లో గేజ్ పెట్టి చూడండి. ఆటోమేటిక్ అయితే గేర్‌లో, బ్రేక్ నొక్కి. నాది పెద్ద క్యామ్, 10 ఇంచులే వచ్చింది. పైపు మళ్లీ పెడితే, 15 ఇంచులు అడిగే పాత క్యానిస్టర్‌తో టైమింగ్ ఊగిపోయింది. 8 దగ్గరే పూర్తిగా లాగేది వేశాక కుదిరింది. రూల్ ఒక్కటే: మీ ఐడిల్ వ్యాక్యూమ్ కంటే 2 ఇంచులు తక్కువలోనే అది పూర్తిగా లాగాలి.

టైమింగ్ సెట్ చేసేటప్పుడు మాత్రం పైపు తీసి, మూసేయండి. నాది మెకానికల్‌తో కలిపి 36 డిగ్రీలు, క్రూజ్‌లో వ్యాక్యూమ్‌తో ఇంకో 10. అప్పుడు టకటకమని నాకింగ్ వినిపిస్తే వెంటనే తగ్గించండి. పిస్టన్ ఖర్చు కంటే క్యానిస్టర్ చాలా చవక!