అరుగు మీద అరబ్బీ మాటలు

(మా గ్రామీణ విలేఖరి)

రాజంపేట: ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల వేళ రాజంపేట - కోడూరు మార్గంలో, రోడ్డుకు కాస్త లోపలగా వున్న ఒక పల్లెలో కొత్తవారెవరైనా అడుగు పెడితే తికమక పడక తప్పదు. రామాలయం వీధిలో ఒక మిద్దె ఇంటి అరుగు మీద పది పన్నెండు మంది ఆడవాళ్లు, కింద వేపచెట్టు నీడన నలుగురైదుగురు మగవాళ్లు కూర్చుని వుంటారు. ముఖాలు మనవే, కట్టు మనదే, మధ్యలో చేటనిండా ఉడకబెట్టిన చెనిక్కాయలూ మనవే. మాట మాత్రం మనది కాదు. "శ్లోనిచ్?" అని అడుగుతుంది ఒకామె. బాగున్నావా అని. "జేనా, అల్‌హందులిల్లా" అంటుంది తులసికోట పక్కన కూర్చున్న ఇంకొకామె.

ఇది బడి కాదు. పలక లేదు, ఫీజు లేదు, సంఘానికి పేరు కూడా పెట్టుకోలేదు. కువైటుకు పోయి వచ్చినవాళ్లు, పోబోయేవాళ్లు వారానికొకసారి కూడి అరబ్బీ మాట్లాడుకునే చోటు, అంతే. నియమం ఒకటే. గంటసేపు తెలుగు మాట నోట రాకూడదు. జారి పలికినవాళ్లు పై వారం చెనిక్కాయలు తేవాలి. ఈ విలేఖరి మొదటి పది నిమిషాల్లోనే రెండు వారాల చెనిక్కాయలు బాకీ పడ్డాడు.

ఉమ్మడి కడప జిల్లాలో రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతాల నుంచి కువైటుకు పోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటులో దిగినప్పుడు లక్ష మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకురావలసి వచ్చింది. అలా కట్టుబట్టలతో వచ్చినవారిలో మన తెలుగువారూ వున్నారు. అయినా రాకపోకలు ఆగలేదు. బోరు ఎండినా, ఆడపిల్ల పెళ్లి కుదిరినా చాలా ఇళ్లలో మొదట తలుచుకునేది కువైటునే. మగవాళ్లు డ్రైవరు పనికి, కూలి పనికి. ఆడవాళ్లు ఇంటి పనికి. పాస్‌పోర్టుకు, వీసాకు, మెడికల్‌కు అప్పు చేసి మరీ డబ్బు కడతారు. మాట నేర్చుకోవడానికి మాత్రం ఎవరూ ఒక్క పూట పెట్టరు. పోతే అదే వస్తుందిలే అనుకుంటారు.

వస్తుంది, నిజమే. వచ్చేలోపల ఏమవుతుందో ఈ అరుగు గల ఇల్లాలు చెప్పింది. ఆమెకు యాభై అయిదు దాటినవి. పద్నాలుగేళ్లు కువైటులో వంట చేసి వచ్చింది.

"మొదటి మూణ్ణెల్లు నేను మూగదాన్ని నాయనా. ఒగనాడు కడుపులో నొప్పి. నిలబడలేకున్నా. కడుపు పట్టుకుని మామాకు చూపిస్తి. ఆయమ్మ ఆకలేమో అనుకుని పళ్లెంనిండా అన్నం తెచ్చి ముందర పెట్టింది. తిట్టలేదు, కొట్టలేదు, మంచి మనిషే. నొప్పి అనే మాటే నాకాడ లేకపాయె. ఆ పళ్లెం ముందర కూర్చుని ఏడిస్తి."

పని చేసే ఇంటి యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలవడం అక్కడి వాడుక. కనుకనే ఈ అరుగు మీద కొత్తవారికి నేర్పే మొదటి మాట నమస్కారం కాదు. "బత్ని యఅవ్వర్ని" - నా కడుపు నొస్తున్నది. రెండోది "రాసి యఅవ్వర్ని" - నా తల నొస్తున్నది. ఆ తర్వాతే నీళ్లు, పాలు, ఉప్పు.

పలకడమే పెద్ద పని. అరబ్బీలో మూడు నాలుగు ధ్వనులు మన నాలుకకు అందవు. గొంతు అడుగు నుంచి రావలసిన ఒక 'హ' వున్నది. దాన్ని ఎట్లా నేర్పుతారంటే, చేతికి ఒక చిన్న అద్దమిచ్చి దాని మీద ఆవిరి పట్టేట్టు ఊదమంటారు. ఆవిరి పట్టిందా, 'హ' వచ్చినట్టే. వాళ్లకు 'ప' లేదు. పెప్సీని బెబ్సీ అంటారు. మన పంకా అక్కడ బాంకా అయింది. అవును, అది మన దేశం నుంచి పోయిన మాటే. చమురు పడక మునుపు కువైటు పడవలు బొంబాయి రేవుకు వచ్చి బియ్యం, టీ ఆకు, కలప తీసుకుపోయేవి. 1961 దాకా అక్కడ రూపాయే చెల్లింది. ఆ సరుకులతో పాటు పంకా పోయింది, అచార్ పోయింది. ఊరగాయను ఇప్పటికీ వాళ్లు అచార్ అనే అంటారు.

మగవాడిని పిలిస్తే "తఆల్", ఆడమనిషిని పిలిస్తే "తఆలి". రా అని అర్థం. త్వరగా అంటే చెవికి 'తాలి' అన్నట్టే వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు మెడ తడుముకున్నారని చెప్పి అందరూ ఒకటే నవ్వు. తేవడం మగవాడికి "జీబ్", ఆడమనిషికి "జీబి". మగవాళ్ల దగ్గర అరబ్బీ నేర్చుకుని పోయే ఆడవాళ్లకు వచ్చే చిక్కు ఇక్కడే. క్యాంపుల్లో బెంగాలీలు, మలయాళీలు, మనవాళ్లు కలిసి మాట్లాడేది విరిగిన అరబ్బీ. అందులో ఆడా మగా తేడా లేదు, నిన్నా రేపూ తేడా లేదు. "అన రూహ్" అంటే పోయినాననీ, పోతాననీ, పోవాలనీ. కింద కూర్చున్న డ్రైవరొకాయన ఇరవై ఏళ్లు దానితోనే నెట్టుకొచ్చినట్టు ఒప్పుకున్నాడు. ఆడవాళ్లు ఆయనను ఆటపట్టించడం చూడవలసిందే.

వూళ్లో మసీదులో పిల్లలకు చదువు చెప్పే హజరత్ కూడా అప్పుడప్పుడు వస్తారు. ఆయన ఖురాన్ అరబ్బీ ఎరిగినవారు. మొదట్లో ఈ మాటలు వింటే ఆయనకే సగం అర్థం కాలేదట. పుస్తకంలో ఇప్పుడు అనడానికి "అల్ ఆన్", కువైటు వీధిలో "అల్ హీన్". పుస్తకంలో రేపు "గదన్", అక్కడ "బాచిర్". ఏమిటి అనడానికి "శినూ", లేదు అనడానికి "మాకూ". ఇవేవీ పుస్తకంలో దొరకవు. అన్నం సంగతి మరీ విడ్డూరం. కువైటువాళ్లు అన్నాన్ని "ఏశ్" అంటారు. ఈజిప్టు వాళ్లకు అదే మాట రొట్టె. ఈజిప్టు వాళ్లింట్లో పని చేసిన ఒకామె, ఏశ్ తెమ్మంటే కుక్కరు పెట్టి అన్నం వండిన కథ ఈ అరుగు మీద ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్క లేదు.

హజరత్ చెప్పిన ఇంకో ముక్క విన్నాక కొత్తవాళ్లకు సగం బెరుకు పోయిందట. మీకు అరబ్బీ రాదని ఎవరన్నారు, రోజూ మాట్లాడేది అదే కదా అన్నారట. కుర్చీ అరబ్బీ మాట. దుకాణం అరబ్బీ. జవాబు, తారీఖు, హక్కు, వకీలు, వసూలు, ఖాళీ అన్నీ అక్కడివే. నవాబుల కాలంలో ఉర్దూ, ఫారసీల వెంట వచ్చి మన ఇళ్లలో చేరినవి. కబురు అంటే వాళ్ల ఖబర్. జిల్లా అనే మాట కూడా అరబ్బీలో పక్కటెముక అనే మాట నుంచి వచ్చిందేనట. బడిలో మాస్టారు పిలిస్తే హాజరు అంటామే, కువైటులో మామా పని చెబితే పలకవలసింది కూడా అదే - "హాదిర్".

అంకెలు వేరే తంటా. వాళ్ల అయిదు మన సున్నా లాగా వుంటుంది. వాళ్ల సున్నా ఒట్టి చుక్క. ఆరు చూస్తే ఇంగ్లీషు ఏడు అనుకుంటాం. ఏడు ఇంగ్లీషు వీ అక్షరం, ఎనిమిది దాన్నే తలకిందులు చేసినట్టు. మందుసీసా మీద అయిదు చుక్కలని రాసి వుంటే మనవాళ్లకు సున్నాగా కనిపిస్తుంది. అందుకని అరుగు గోడకు బొగ్గుతో అంకెలు రాసి పెట్టారు. వీధి పిల్లలు కూడా వాటిని చూసి గోలీల లెక్క వేసుకుంటున్నారు.

మేము కూర్చుని వుండగానే ఒకామె ఫోనుకు కువైటు నుంచి కూతురు మాట రికార్డు చేసి పంపింది. ఆ అమ్మాయి పోయి నెలన్నర అయింది. మామా ఏదో అన్నది, నేను చేస్తే కేకలేసింది, ఏమన్నదో చెప్పండి అని అడుగుతూ, ఆమె నోటి మాటను తనకు గుర్తున్నంత వరకు పలికింది. అందరూ చెనిక్కాయలు వదిలేసి చెవులొగ్గారు. నాలుగుసార్లు విన్నారు. చివరికి ఇంటి ఇల్లాలే పట్టుకుంది. "ఖల్లి ఇల్ వలద్, లా త్‌శీలీన." పిల్లవాణ్ణి వదిలిపెట్టు, ఎత్తుకోవద్దు అని. ఆ అమ్మాయికి 'శీల్' అనే మాట తెలుసు, ఎత్తమని. ముందున్న 'లా' చెవిన పడలేదు. వద్దన్న పనే చేసింది. వెంటనే ఇక్కడి నుంచి తెలుగులో జవాబు పోయింది. అప్పుడు మాత్రం నియమం ఎవరికీ గుర్తు రాలేదు.

అరుగు మీద అందరిదీ ఒకే మాట అనుకుంటే పొరపాటు. ఆ రోజే గట్టి వాదం జరిగింది. ఎనిమిదేళ్లు చేసి వచ్చిన ఒకామె అన్నది: "హాదిర్ ఒగటి నేర్పండి, సాలు. భాష బాగా వొస్తే ఎదురు మాట్లాడతాదంటారు. తెలీనట్టుంటేనే మేలు. నేనట్లే గడుపుకొచ్చినా." ఇంకొకామె వెంటనే అందుకుంది: "గడుపుకొచ్చినావు గానీ, నాలుగు నెల్ల జీతం యాడికి పోయె మే? అడగనీకె మాట ఉండెనా నీకాడ?" మొదటామె తల వంచుకుని చెనిక్కాయ తొక్కలు ఏరుతూ కూర్చుంది. ఈ విలేఖరికి మాత్రం రెండోమాటే న్యాయంగా తోచింది. అయితే గడప లోపల బతికినవాళ్ల భయాన్ని గడప బయట కూర్చుని కొట్టివేయడం కూడా సబబు కాదు.

అడగడానికి హక్కు లేక కాదు. కువైటు ప్రభుత్వం 2015లో 68వ నంబరు చట్టం చేసింది. ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించకుండా పని, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు అందులో వున్నవి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కూడా వున్నది. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు. ఇటు మన ప్రభుత్వం కూడా ఇంటి పనికి గల్ఫు పోయే ఆడవారికి ముప్పై ఏళ్లు నిండి వుండాలని నియమం పెట్టింది. అనుమతి లేని ఏజెంటు విజిటింగు వీసా చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తే ఈ రక్షణలన్నీ గాలికి పోయినట్టే. ఇంటి పనివారి వీసాను మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. ఖాదిం అంటే సేవకుడని చాలామందికి తెలియదు.

ఈ చట్టం సంగతులు నోటికి పట్టించడానికి ఇల్లాలు ఒక ఉపాయం కనిపెట్టింది. ఆమె మామా అవుతుంది. కుర్చీ వేసుకుని కాలు మీద కాలు వేసుకుంటుంది. పోబోయేవాళ్లు ఒక్కొక్కరే ఎదురుగా నిలబడి అడగాలి. "వేన్ జవాజి?" - నా పాస్‌పోర్టు ఎక్కడ. "అబి అరూహ్ అస్సఫారా" - నేను ఎంబసీకి పోవాలి. ఇక్కడ 'అబి' అంటే కావాలని. ఉర్దూ తెలిసినవాళ్లు 'అభీ' అనుకుని, ఇప్పుడే కాబోలని పొరబడుతుంటారు. ఆపద వస్తే ఫోను చేయవలసిన నంబరు 112. వాళ్ల అంకెల్లో రెండు నిలువు గీతలు, పక్కన ఒక రెండు. అది గోడ మీద అన్నిటికన్నా పెద్దగా రాసి వున్నది.

వచ్చే నెల పోబోయే ఒకామె ఆనాడు చివరగా నిలబడింది. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. పెద్దవాడు అరుగు మెట్టు మీదే కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ అన్నది: "వేన్ రాతిబి?" నా జీతం ఎక్కడ అని.

"వినపళ్లేదు" అన్నది మామా, అరబ్బీలోనే.

మళ్లీ అన్నది. ఇంకా వినపడలేదట. పక్కనున్నవాళ్లు తల ఎత్తమని సైగ చేశారు. మూడోసారి ఆమె తల ఎత్తి అన్న మాటకు వీధి అవతల బంకులో బీడీలు కట్టలు కడుతున్న ముసలాయన తిరిగి చూశాడు. మెట్టు మీది పిల్లవాడు ఒలుస్తున్న కాయ వదిలేసి, అమ్మ అన్నది తానూ ఒకసారి అని చూసుకున్నాడు.